విజయవాడ ఎండల్లో మూడడుగుల రీఫ్ ట్యాంకు: ముందు నీళ్లు, చల్లదనం, ఆ తర్వాతే చేపలు

పటమటలో రెండో అంతస్తు ఫ్లాటు, నాలుగేళ్లు గోల్డ్‌ఫిష్ పెంచిన అలవాటు, ఇప్పుడు మూడడుగుల ఉప్పునీటి రీఫ్ ట్యాంకు, అంటే చేపలతో పాటు పగడాలు పెంచే తొట్టి, పెట్టాలని కోరిక. మీరు అడిగినవి నాలుగు. మంగినపూడి నుంచి సముద్రపు నీళ్లు తెచ్చుకోవచ్చా? నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా ఫ్యాన్లతో నెట్టుకురావచ్చా? షాపువాళ్లు ఇస్తామంటున్న లైవ్ రాక్, గట్టి పగడాలు కొనొచ్చా? నీమోని, డోరీని ఎన్నాళ్లకు వెయ్యొచ్చు? మీరడిగిన వరసలో కాకుండా, డబ్బు ముందు ఎక్కడ పెట్టాలో ఆ వరసలో చెబుతానండి. పగడాల సంగతితో మొదలుపెడతాను. అది తేలితే లైటు, పంపు, మందులు అన్నీ దాన్నిబట్టే మారతాయి.

గట్టి పగడాలు కొనకండి. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, ఆర్గాన్ పైప్ పగడం, ఫైర్ కోరల్, సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో షెడ్యూల్ 1 కిందికి వస్తాయి. అంటే పులితో సమానమైన రక్షణ. సముద్రపు గుర్రాలు, సముద్రపు దోసకాయలు కూడా అదే జాబితాలో ఉన్నాయి. షాపులో అక్రోపోరా, హ్యామర్, టార్చ్, బ్రెయిన్ అని పేర్లు చెబితే అవన్నీ గట్టి పగడాలే అని గుర్తుపెట్టుకోండి. చచ్చిన ముక్కైనా అంతే. లైవ్ రాక్ అని అమ్మేది చాలావరకు పాత పగడపు దిబ్బలోంచి విరిచిన రాయే, కాబట్టి దాని జోలికీ వెళ్లొద్దు. మెత్తని పగడాలైన జోవాంతిడ్, మష్రూమ్, లెదర్, జెనియా ఆ జాబితాలో లేవు. పెంపకంలో విడదీసిన చిన్న ముక్కలు బిల్లుతో తీసుకోండి. నన్నడిగితే మొదటి ట్యాంకుకి ఇది నష్టం కాదు, లాభమే. మెత్తని పగడాలకు 100 వాట్ల ఎల్‌ఈడీ చాలు, కాల్షియం రోజూ కొలిచి పోసే డోసింగ్ పంపులు అక్కర్లేదు, నీళ్లలో కాస్త నైట్రేట్ ఉన్నా అవి హాయిగా ఉంటాయి.

ఇక నీళ్లు. మంగినపూడి నీళ్లు వద్దు. అక్కడ ఒడ్డంతా నల్లమట్టి, దగ్గర్లోనే హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలుస్తుంది. ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తిన రోజుల్లో ఆ తీరం నీళ్లలో ఉప్పు పడిపోతుంది, బురద పెరుగుతుంది. వెనకాల రొయ్యల చెరువుల నీళ్లు కలిసే కాల్వలున్నాయి. సూర్యలంకలో ఇసక చూడ్డానికి బాగుంటుంది కానీ ఒడ్డు నీళ్లు ఒడ్డు నీళ్లే. ఒక్కసారి బాగుండొచ్చు, వారం వారం ఒకేలా ఉండవు. రీఫ్ ట్యాంకుకి కావలసింది ఆ ఒకేలా ఉండటమే.

కాబట్టి ఆర్‌ఓ నీళ్లలో ప్యాకెట్ ఉప్పు కలుపుకోవాలి. వంటింటి ఆర్‌ఓ పనికిరాదు. దాంట్లో మంచినీటి రుచి కోసం టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల లెక్క) కంట్రోలర్‌తో కొంత నీటిని పక్కనుంచి కలుపుతారు, బయటికి 40, 60 టీడీఎస్‌తో వస్తుంది. 20 లీటర్ల వాటర్ టిన్నులదీ అదే కథ. సెడిమెంట్, కార్బన్, మెంబ్రేన్, చివర మిగిలిన లవణాల్ని పట్టుకునే డీఐ రెసిన్ ఉన్న నాలుగు దశల యూనిట్ కొనండి, మీటర్ మీద 0 రావాలి. 2 దాటితే రెసిన్ మార్చండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మెంబ్రేన్‌ని తినేస్తుంది, అందుకే కార్బన్ దశని ఆర్నెల్లకోసారి తప్పకుండా మార్చాలి. అపార్ట్‌మెంట్ బోరు నీళ్లయితే గట్టిదనం ఎక్కువ, మెంబ్రేన్ తొందరగా పూడుకుపోతుంది. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి రెండో అంతస్తుకి వచ్చే ప్రెషర్ సరిపోదు, బూస్టర్ పంపు పెట్టాల్సిందే. 75 గ్యాలన్ల మెంబ్రేన్ పూర్తి ప్రెషర్‌తో రోజుకి సుమారు 280 లీటర్లివ్వాలి. ఒక లీటరు మంచినీళ్లకి మూడు నాలుగు లీటర్లు వృథాగా పోతాయి, ఆ పైపు బట్టలుతికే బకెట్లోకి పెట్టుకోండి.

ఉప్పు లీటరుకి 36 నుంచి 38 గ్రాములు పడుతుంది, బ్రాండుని బట్టి మారుతుంది. ట్యాంకు, దాని కింద ఉండే రెండో తొట్టి సంప్ కలిపి నికరంగా 200 లీటర్లనుకుంటే ఏడున్నర కిలోలు. నీళ్లలో ఉప్పు వెయ్యాలి, ఉప్పు మీద నీళ్లు పొయ్యకూడదు. తిరగేసి చేస్తే కాల్షియం, కార్బొనేట్ ఒకచోట చిక్కబడి తెల్లగా పేరుకుంటాయి, ఇక కరగవు. ఒక పంపు వేసి 24 గంటలు తిప్పి, 26 డిగ్రీల దగ్గర కొలవండి. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లలో 35 పాళ్లు ఉప్పు, రావాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కోసం ఎక్కడికో పోనక్కర్లేదు, కైకలూరు, భీమవరం వైపు రొయ్యల రైతులకు సరుకమ్మే షాపుల్లో ఉంటాయి. కాకపోతే వాటిని మంచినీళ్లతో సున్నా దగ్గర సరిచూసి వదిలేస్తారు, 35 దగ్గర రెండు మూడు పాయింట్లు తప్పు చూపించొచ్చు. 36.5 గ్రాముల శుద్ధమైన సోడియం క్లోరైడ్‌ని 963.5 గ్రాముల ఆర్‌ఓ నీళ్లలో కరిగిస్తే ఆ ద్రావణం 35 చూపించాలి. దానితో సరిచెయ్యండి. కళ్లుప్పు, అయోడైజ్డ్ ఉప్పు ట్యాంకులో వేసే ఆలోచనే వద్దు. అందులో ఉండేది దాదాపుగా సోడియం క్లోరైడే, మెగ్నీషియం, కాల్షియం, క్షారం ఏవీ సముద్రపు పాళ్లలో ఉండవు.

ట్యాంకు 90×45×45 సెంటీమీటర్లు, 10 మిల్లీమీటర్ల అద్దం. కింద సంప్ 60×35×38. ఇంటి కింద నీళ్లు నిలవచేసే సంపు కాదులెండి, మురికిని నురుగుగా లాగే స్కిమ్మర్, హీటర్, పంపు దాచుకునే రెండో తొట్టి. అద్దాలతికించే సిలికాన్ మీద యాంటీ ఫంగల్ అని రాసుంటే వద్దు, అందులో మందు ఉంటుంది. నీళ్లు సంప్‌లోకి దిగే ఓవర్‌ఫ్లో రంధ్రాలు అతికించకముందే వెయ్యించండి. ఒక అంగుళం గొట్టాలు రెండు దిగాలి, ఒకటి వాల్వుతో నిండుగా పారేది, ఇంకోటి అది పూడితే కాపాడేది. నీళ్లు, అద్దం, రాయి, స్టాండు అన్నీ కలిపి 350 కిలోల దాకా పోతుంది. ఇళ్ల స్లాబులకు చదరపు మీటరుకి 200 కిలోల లెక్క, మీ ట్యాంకు కూర్చునేది అర చదరపు మీటరులో కూడా కాదు. అందుకని గది నడుమ పెట్టకుండా, కింద బీము ఉన్న గోడ వెంబడి పెట్టండి. ఆటోనగర్‌లో ఇనప స్టాండు చేయిస్తే వెల్డింగు గీకించి ఎపాక్సీ రెండు కోట్లు వేయించండి, మామూలు ఎనామెల్ ఉప్పుకి ఏడాది కూడా ఆగదు.

నీళ్లు తిరగడానికి గంటకి 2000 నుంచి 2500 లీటర్లు సంప్ నుంచి పైకి తోసే డీసీ రిటర్న్ పంపు, ట్యాంకులో ఎదురెదురుగా ప్రవాహం పుట్టించే గంటకి 4000 లీటర్ల వేవ్‌మేకర్లు రెండు, 300 లీటర్ల ట్యాంకుకని రాసున్న స్కిమ్మర్. ఈ మూడింటి మీద ఎక్కువ చెప్పేదేం లేదు. రిటర్న్ గొట్టం మూతి నీటిమట్టానికి రెండు సెంటీమీటర్లకంటే కిందికి పెట్టకండి, అది మాత్రం ముఖ్యం. కరెంటు పోగానే ఆ మూతి దాకా ఉన్న నీళ్లన్నీ సంప్‌లోకి దిగుతాయి, మీ ట్యాంకులో ఒక్క సెంటీమీటరంటే 4 లీటర్లు. మూతి అయిదు సెంటీమీటర్లు కిందుంటే 20 లీటర్లు, హాల్లో చాప తడుస్తుంది. మొదటిసారి నింపినప్పుడే ప్లగ్గు పీకి చూసి, అంతా దిగాక సంప్ అంచుకి ఎంత మిగిలిందో మార్కరుతో గీత గీసుకోండి.

ఇప్పుడు వేడి. మీ ఊళ్లో ఉప్పునీటి ట్యాంకులు పోయేది ఎక్కువగా దీనివల్లే. నీళ్లు 25 నుంచి 27 మధ్య ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పగడాలు తమలో ఉన్న నాచుకణాల్ని బయటికి తోసేసి తెల్లబడతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అదే సమయంలో చేపకి, బ్యాక్టీరియాకి ఎక్కువ కావాలి, అందుకని చేపలు తెల్లవారుజామున పోతాయి.

ఫ్యాన్ల సంగతి చెప్పాలంటే, ఒక లీటరు నీళ్లు ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి తీసుకుపోతుంది. 200 లీటర్ల ట్యాంకుని దాదాపు మూడు డిగ్రీలు దించడానికి అది చాలు. మరి ఎందుకు సరిపోదంటే, గాలి తేమని బట్టి దానికో హద్దు ఉంది. రోహిణి కార్తెలో 43 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉన్న మధ్యాహ్నం ఆ హద్దు 25 దగ్గర ఉంటుంది. ఆగస్టులో 33 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్నప్పుడు ఆ హద్దు 29కి ఎక్కుతుంది. ఇంట్లో ఎయిర్ కూలర్ ఉన్నవాళ్లందరికీ ఇది తెలిసిన సంగతే. వడగాలిలో చల్లగా కొడుతుంది, వాన వెలిసిన ఉక్కపోతలో జిగట తప్ప ఏమీ ఉండదు. ట్యాంకు ఫ్యానూ అంతే. కాబట్టి మే నెల గట్టెక్కింది కదా అని సంబరపడ్డవాళ్లకి ఆగస్టులో 31 చూపిస్తుంది. ఫ్యాన్లు హద్దు దాకా కూడా దించలేవు, రెండు మూడు డిగ్రీలు పైనే ఆగుతాయి.

అందుకని రెండే దారులు. రోజంతా ఏసీ 26లో నడిచే గదిలో పెట్టడం, లేదా పదో వంతు హెచ్‌పీ చిల్లర్. చిల్లర్ నీళ్లలోంచి లాగిన వేడిని గదిలోకే వదులుతుంది. దాన్ని స్టాండు అలమారలో మూసి పెడితే తను వదిలిన వేడిని తనే పీల్చి ఆగకుండా నడుస్తుంది, కంప్రెసర్ పోతుంది. ఎండ కొట్టే బాల్కనీలో పెట్టినా అంతే. గాలాడే మూల, చుట్టూ అడుగు ఖాళీ, 26కి సెట్ చేసి ఒక డిగ్రీ తేడా. ముందు ఒక స్టెబిలైజర్, దానికి మూడు నిమిషాల డిలే ఉండాలి, కరెంటు పోయి వెంటనే వచ్చినప్పుడు కంప్రెసర్‌ని అదే కాపాడుతుంది. చలికాలానికి 100 వాట్ల హీటరొకటి ఉంచుకోండి కానీ దాన్ని వేరే కంట్రోలర్ మీద నడపండి. హీటర్లలోని థర్మోస్టాట్ ఆన్‌లోనే అంటుకుపోవడం మామూలే.

బిల్లు లెక్క కూడా చూసుకోండి. పంపులు, స్కిమ్మర్ కలిపి 65 వాట్లు రోజంతా, లైటు 100 వాట్లు తొమ్మిది గంటలు, చిల్లర్ 170 వాట్ల చొప్పున ఎండాకాలంలో పది గంటలు. రోజుకి నాలుగు యూనిట్లు దాటుతుంది, నెలకి 125 దాకా. ఇంటి వాడకం మీద ఇది అదనం, పై స్లాబులో పడుతుంది.

గాలివాన వచ్చి రాత్రి కరెంటు పోతే చిల్లర్‌కంటే ముందు కదలిక కావాలి. వేవ్‌మేకర్ ఒకటి, రిటర్న్ పంపు తక్కువ స్పీడులో, కలిపి 40 వాట్లు ఇన్వర్టర్ లైనుకి ఇవ్వండి. 150 ఏహెచ్ బ్యాటరీ మీద ఇంకేమీ లేకుండా అవి రోజంతా నడుస్తాయి. మూడు సీలింగ్ ఫ్యాన్లు కూడా వేసుకుంటే నాలుగైదు గంటలే. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దై ఉండాలి, స్క్వేర్ వేవ్ మీద ఏసీ పంపులు గుర్రుమంటూ వేడెక్కుతాయి. ట్యాంకు లైనుకి 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. ప్లగ్గు బోర్డు సంప్ పైన గానీ కింద గానీ ఉండకూడదు, పక్క గోడకి ఎత్తుగా ఉండాలి. వైరు ప్లగ్గుకంటే కిందికి వేలాడి మళ్లీ పైకెక్కాలి, నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

లైవ్ రాక్ వద్దన్నాను కనుక రాయి సంగతి. రీఫ్ కోసం తయారుచేసిన సిరామిక్ రాళ్లు దొరుకుతాయి, ఖరీదు ఎక్కువ. చేత్తో చేసుకోవాలంటే మన దగ్గర తేలికే. కోళ్ల ఫారాల్లో గుడ్డు పెంకు గట్టిపడటానికి దాణాలో కలిపే షెల్ గ్రిట్ మూడు పాళ్లు, సిమెంటు ఒక పాలు, కళ్లుప్పు ఒక పాలు, ముద్ద కట్టేంత నీళ్లు. తడి ఇసకలో గుంటలు చేసి పోయండి, ఆరాక ఉప్పు కరిగి బొరియలు మిగులుతాయి. ఇనప తీగ లోపల పెట్టకండి. తర్వాత ఆరు నుంచి ఎనిమిది వారాలు డ్రమ్ములో నానబెట్టి రెండు రోజులకోసారి నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లలో మూడు రోజులుంచినా పీహెచ్ 8.5 దాటకపోతేనే ట్యాంకులోకి. తొందరపడితే సిమెంటు క్షారం పీహెచ్‌ని 9 పైకి తీసుకుపోతుంది. 18, 20 కిలోలు చాలు. అడుగున సున్నపు అరగొనైట్ ఇసక రెండు సెంటీమీటర్లు. కృష్ణ ఇసక, బీచ్ ఇసక వద్దు, లోహపు రేణువులు ఏమున్నాయో తెలియదు. ముందు రాళ్లు అద్దం మీద నిలబెట్టి, ఆ తర్వాత ఇసక పొయ్యండి, లేకపోతే ఇసక తవ్వే గోబీ చేప రాళ్ల కింద చచ్చిపోతుంది.

సైక్లింగ్‌కి, అంటే అమోనియాని తినే బ్యాక్టీరియా ట్యాంకులో పెరగడానికి, పచ్చి రొయ్య ముక్క వెయ్యమని పాతవాళ్లు చెబుతారు. మన ప్రాంతంలో ఆ పని చెయ్యకండి. చెరువు రొయ్యలో తెల్లమచ్చ వైరస్ ఉండొచ్చు, గడ్డకట్టించినా చావదు, రేపు మీరు కొనే క్లీనర్ రొయ్యకి అంటుకుంటుంది. మేతగా వెయ్యాలన్నా ఉడికించి వెయ్యండి. బదులుగా ల్యాబ్ గ్రేడ్ అమోనియం క్లోరైడ్ ఒకటిన్నర గ్రాము వేస్తే 200 లీటర్లలో అమోనియా 2 పీపీఎం వస్తుంది. సీసా బ్యాక్టీరియా కలిపి, లైటు ఆపి ఉంచండి. వేసిన అమోనియా 24 గంటల్లో సున్నా అయి, నైట్రైట్ కూడా సున్నా అయితే సైకిల్ పూర్తయినట్టు. 27 డిగ్రీల దగ్గర మూడు నుంచి అయిదు వారాలు.

ఆ వారాల్లో ఊరికే కూర్చోకుండా క్వారంటైన్ నడపండి. 40 లీటర్ల తొట్టి, స్పాంజ్ ఫిల్టర్, పీవీసీ గొట్టాల ముక్కలు నాలుగు, ఇసకా రాయీ లేకుండా. కొత్త చేప నెల రోజులు అందులోనే. క్రిప్టోకారియాన్ అనే చేపల తెల్లమచ్చ (ఇది రొయ్యల వైరస్ కాదు, వేరే జబ్బు), వెల్వెట్ జబ్బు ఈ దశలో పట్టుకోకపోతే మెయిన్ ట్యాంకులో రాగి మందు వెయ్యలేరు, పగడాలు, రొయ్యలు, నత్తలు పోతాయి. అప్పుడు చేపలన్నిటినీ తీసి, ట్యాంకుని 76 రోజులు చేపలు లేకుండా వదిలెయ్యాల్సి వస్తుంది.

చెన్నై నుంచి రాత్రి రైల్లో కవర్లో వచ్చిన చేపని గంటసేపు చుక్కచుక్కగా అలవాటు చెయ్యకండి. మూసిన కవర్లో కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ తగ్గి అమోనియా విషం అణిగి ఉంటుంది. కవర్ విప్పగానే పీహెచ్ పెరుగుతుంది, అదే అమోనియా చేప మొప్పల్ని కాల్చేస్తుంది. ఉప్పు పొదుపు కోసం చాలా షాపుల్లో 26, 28 పీపీటీలోనే ఉంచుతారు. బయల్దేరేముందే షాపులో ఎంతుందో అడిగి, క్వారంటైన్ తొట్టిని అంతకి దించి పెట్టుకోండి. కవరు పావుగంట తేలనిచ్చి, విప్పి, నీళ్లు పారబోసి, చేపని మాత్రం వెయ్యండి. తర్వాత రోజుకి 2 పీపీటీ చొప్పున 35కి ఎక్కించండి.

డోరీ మీ ట్యాంకుకి కాదు. అది అడుగు దాకా పెరిగే, పొద్దస్తమానం ఈదే చేప, దానికి ఆరడుగుల ట్యాంకు కావాలి. నీమో అంటే ఒసెల్లారిస్ క్లౌన్ జత, పెంపకంలో పుట్టినవే తీసుకోండి, కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపల్ని హేచరీలో పుట్టించే పద్ధతులు ఎప్పుడో సిద్ధం చేసింది. అవి మేత తొందరగా అందుకుంటాయి. వాటితో ఒక ఫైర్‌ఫిష్, ఒక వాచ్‌మన్ గోబీ, ఒక టెయిల్‌స్పాట్ బ్లెనీ. మొత్తం అయిదు, అంతే. బ్లూ డామ్సెల్ చౌక అని వేస్తే మిగతావాటిని కొరికి చంపుతుంది, దాన్ని పట్టాలంటే రాళ్లన్నీ తియ్యాలి. ఫైర్‌ఫిష్ గెంతుతుంది, పైన వల మూత ఉండాలి. నీమో దాక్కునే అనిమోన్ ఆర్నెల్లదాకా వద్దు, నచ్చక నడిచిపోయి వేవ్‌మేకర్లో పడితే ట్యాంకంతా విషమవుతుంది.

పగడాలు రెండో నెల చివర్లో మొదలుపెట్టండి. మష్రూములు అడుగున, జోవాంతిడ్లు నడుమ, లెదర్ పైన. జెనియాని విడి రాయి మీదే పెట్టండి, మిగతావాటి మీదికి పాకుతుంది. లెదర్ వారం రోజులు ముడుచుకుని పైన మైనం పొరలా కడితే చచ్చిపోయిందని పారెయ్యకండి, అది పొర విడుస్తోంది, కాస్త ప్రవాహం పెంచితే ఊడిపోతుంది. జోవాంతిడ్లలో, ముఖ్యంగా పాలిథోవాలో, పాలిటాక్సిన్ ఉండొచ్చు. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. ఆ రాయిని వేడినీళ్లలో మరగబెట్టడం, ఎండలో పెట్టి బ్రష్షుతో గీకడం ఎన్నడూ వద్దు, ఆ ఆవిరి, తుంపర పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలవుతారు.

మూడో వారం నుంచి గోధుమరంగు పొర కడుతుంది, అది డయాటమ్, దానంతటదే పోతుంది. ఆ తర్వాత పచ్చ నాచు వస్తే ట్రోకస్ నత్తలు అయిదారు. నాచు చూసి భయపడి నైట్రేట్, ఫాస్ఫేట్‌లని సున్నా చెయ్యకండి. సున్నా అయితే డైనోఫ్లాజెల్లేట్లు వస్తాయి, చీమిడిలా బుడగలతో సాగే పొర, దానికంటే పచ్చ నాచే నయం. నైట్రేట్ 5 నుంచి 15 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం, క్షారం 8 నుంచి 9 డీకేహెచ్ (క్షారం కొలిచే డిగ్రీలు). క్షారం ఒక డిగ్రీ పడితే 200 లీటర్లకి 6 గ్రాముల వంటసోడా ఆర్‌ఓ నీళ్లలో కలిపి నెమ్మదిగా పొయ్యండి. బేకింగ్ పౌడరు కాదు, ఉత్త సోడా.

వారానికి 20 లీటర్ల నీళ్లు మార్చాలి. రోజూ మూడు నాలుగు లీటర్లు ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం అలాగే ఉంటుంది, కాబట్టి పోసేది ఉత్త ఆర్‌ఓ నీళ్లే. సంక్రాంతికి ఊరెళ్లి మూడు రోజులు ఎవరూ పొయ్యకపోతే 35 కాస్తా 37 అవుతుంది. ఆవిరైన నీళ్లని తనే పోసే ఆటో టాప్ ఆఫ్ పెట్టుకోండి, కానీ దాని డబ్బా 15 లీటర్లు దాటకూడదు. ఫ్లోట్ ఇరుక్కుని డబ్బా మొత్తం దిగినా 32.5 దగ్గర ఆగుతుంది, చేపలు బతుకుతాయి.

ట్యాంకు ఆర్డరివ్వకముందు ఒక పని చెయ్యండి. కుళాయి దగ్గర టీడీఎస్ చూసి, అది కృష్ణ నీళ్లా అపార్ట్‌మెంట్ బోరా అన్నది రాయండి. దాన్నిబట్టి రెసిన్ ఎంత పెట్టాలో, మెంబ్రేన్ ముందు సాఫ్ట్‌నర్ కావాలో వద్దో చెబుతాను.